అతిమధురం పొడి, వాచిన పాదాలు, తగ్గని కడుపు మంట

మంచిర్యాల వైపు నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. వయసు 47. ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకుని ఇరవయ్యేళ్లుగా బ్లౌజులు కుడుతున్నారు. నడుమో కుడి మోకాలో పట్టేసినప్పుడల్లా మెడికల్ షాపు నుంచి నొప్పి గోళీ తెప్పించుకుని వేసుకోవడం అలవాటు. అట్ట చూసి పేరు కూడా రాశారు: డైక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర. చాలాసార్లు పొద్దున ఉత్త టీతోనే మింగేస్తారు. మూడేళ్ల నుంచి బీపీ ఉంది. దానికి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర రోజూ వాడుతున్నారు.

సంక్రాంతి వెళ్లాక కడుపులో మంట ఎక్కువై, రాత్రి రెండింటికి నొప్పితో మెలకువ వస్తుంటే ఎండోస్కోపీ చేయించారు. కడుపు కింది భాగంలో పొర అక్కడక్కడ ఒరుసుకుపోయి ఎరోషన్లు ఉన్నాయని, హెచ్. పైలోరీ బ్యాక్టీరియా ఉందని రిపోర్టు వచ్చింది. 14 రోజులకు రెండు రకాల యాంటీబయాటిక్స్, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ రాసిచ్చారు. నోరంతా చేదుగా, ఇనుము నాకినట్టు ఉండటంతో ఐదో రోజుకే యాంటీబయాటిక్స్ ఆపేశారు. పాంటోప్రజోల్ మాత్రం నాలుగు నెలలు వాడారు. అది కిడ్నీలను పాడుచేస్తుందని ఫోన్‌లో ఎవరో పంపిన వీడియో చూసి అదీ మానేశారు. మానిన మూడో రోజుకే మంట రెట్టింపైంది.

అప్పుడు తోటికోడలు తనే దంచి జల్లించిన అతిమధురం పొడి డబ్బా తెచ్చిచ్చింది. ఆషాఢం మొదట్లో పొద్దున ఒక చెంచా గోరువెచ్చని నీళ్లలో మొదలుపెడితే, పది రోజుల్లో మంట సగానికి తగ్గింది. శ్రావణంలో పెళ్లిళ్ల బ్లౌజులు మీద పడ్డాయి, మంట మళ్లీ మొదలైంది. పొడి సరిపోవట్లేదనుకుని సాయంత్రం ఇంకో చెంచా కలిపారు. ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి పాదాలు వాచి చెప్పుల పట్టీ అచ్చు పడుతోంది. ఎప్పుడూ 130/84 దగ్గర ఉండే బీపీ మొన్న 160/100 వచ్చింది. పరగడుపున క్యాబేజీ రసం తాగి చూస్తే కడుపుబ్బరం తప్ప లాభం లేదు. అత్తగారు కారం మానేయమంటున్నారు. ఇప్పుడేమో "కడుపు పొరను కాపాడే మొక్కల ఎక్స్‌ట్రాక్టు" అని ఒక క్యాప్సూల్ ప్రకటన కనబడింది.

"ఇంగ్లీషు మందుల జోలికి పోకుండా మొక్కల మందులతోనే కడుపు పొర బాగుచేసుకోవచ్చా? ఏది, ఎంత, ఎలా వాడాలి? పొడి ఆపేస్తే తోటికోడలు నొచ్చుకుంటుంది, రోజూ ఫోన్ చేసి అడుగుతుంది," అని ముగించారు.

అన్నిటికన్నా ముందు ఒక మాట. ఈ ఉత్తరంలో మీ కడుపు కన్నా మీ పాదాలు, బీపీ ఎక్కువ కంగారు పెట్టాయి. అతిమధురం పొడి ఈ రోజే ఆపేయండి. మెల్లగా తగ్గించాల్సిన పని లేదు. ఒకటి రెండు రోజుల్లో రక్తంలో పొటాషియం (సీరం పొటాషియం), కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు చేయించి, బీపీ చూసే డాక్టరుకు చూపించండి. ఈలోగా కాళ్లలో తిమ్మిర్లు, పిక్కలు పట్టేయడం, మెట్లెక్కలేనంత నీరసం, గుండె లయ తప్పినట్టు కొట్టుకోవడం, వీటిలో ఏది కనబడినా రిపోర్టు కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఎందుకంటే, అతిమధురానికి ఆ తీపినిచ్చే పదార్థం గ్లిసరైజిన్. మన ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను కిడ్నీల దగ్గర ఉప్పు పట్టి ఉంచే పని చేయకుండా ఒక ఎంజైము దాన్ని ఎప్పటికప్పుడు నిర్వీర్యం చేస్తుంటుంది. గ్లిసరైజిన్ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. దాంతో ఉప్పు, నీరు ఒంట్లో నిలిచిపోతాయి, పొటాషియం మూత్రంలో పోతుంది, బీపీ పెరుగుతుంది. మీ బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా పొటాషియాన్ని బయటికి తోసేదే. రెండూ ఒకే వైపు లాగుతున్నాయి.

ఎంత పడుతోందో లెక్క వేద్దాం. చెంచా పొడి సుమారు 3 గ్రాములు, రెండు చెంచాలకు 6 గ్రాములు. వేరులో గ్లిసరైజిన్ శాతం ఒక్కో సరుకుకు ఒక్కోలా ఉంటుంది. 4 శాతమే అనుకున్నా రోజుకు 240 మిల్లీగ్రాములు. మామూలు మనిషికి రోజుకు 100 దాటకూడదని చెబుతారు. బీపీ ఉండి, ఆ మాత్ర వేసుకునే మీకు ఆ 100 కూడా ఎక్కువే. ఆపేశాక కూడా దీని ప్రభావం వెంటనే పోదు, రెండు వారాలు పట్టవచ్చు. కాబట్టి ఆపిన మర్నాడు బీపీ దిగలేదని బెంగపడొద్దు, మీ అంతట మీరు బీపీ మాత్ర డోసు పెంచుకోవద్దు. రోజూ ఒకే వేళకు, పది నిమిషాలు కూర్చున్నాక బీపీ చూసి ఒక కాగితం మీద రాసుకోండి. డాక్టరుకు ఆ కాగితం ఎంతో ఉపయోగపడుతుంది.

మీ తోటికోడలు చెప్పింది అబద్ధమేమీ కాదు. 1940ల్లో హాలండ్‌లో రెవర్స్ అనే డాక్టరు, అతిమధురం పాకం వాడిన అల్సర్ రోగులకు నయమవడం గమనించాడు. వాళ్లలో కొందరికి ముఖం, కాళ్లు వాచడం కూడా ఆయనే చూశాడు. తర్వాత గ్లిసరైజిన్ నుంచే కార్బెనాక్సొలోన్ అనే మందు తయారుచేసి 1960ల్లో బ్రిటన్‌లో అల్సర్లకు వాడారు. పుండ్లు మానాయి కానీ వాపులు, బీపీ, పొటాషియం పడిపోవడం వదల్లేదు. ఆమ్లాన్ని తగ్గించే కొత్త మందులు రాగానే అది మూలన పడింది. మీ పాదాల మీద చెప్పుల పట్టీ అచ్చు ఆ పాత కథే.

ఇక ఆషాఢంలో మంట ఎందుకు తగ్గింది? మీ ఉత్తరంలోనే జవాబుంది, మీరు గమనించినట్టు లేరు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. కుట్టు పని తగ్గింది, నడుము నొప్పి తగ్గింది, గోళీలూ తగ్గి ఉంటాయి. శ్రావణంలో పని పెరగ్గానే గోళీ రోజువారీ అయింది, మంట తిరిగొచ్చింది. పైగా పాంటోప్రజోల్ ఆపిన కొత్తలో లేచే మంట కొన్ని వారాల్లో దానంతటదే సద్దుమణుగుతుంది, ఆ రోజులూ ఆషాఢంలోనే పడ్డాయి. పొడి అసలు పని చేయలేదని అనను, కొంత చేసి ఉండొచ్చు. కానీ మెప్పంతా దానికే కట్టబెట్టారు. నిజంగా తేల్చుకోవాలంటే మెడికల్ షాపు బిల్లులు తీసి, ఏ నెలలో ఎన్ని అట్టలు కొన్నారో చూడండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. కడుపు గోడకు లోపలి వైపు ఒక జిగురు పొర ఉంటుంది. దాని కింద కణాలు బైకార్బొనేట్ అనే క్షారాన్ని ఊరించి, గోడను తాకే ఆమ్లాన్ని అక్కడికక్కడే చల్లారుస్తాయి. ఈ జిగురు, క్షారం ఊరాలన్నా, గోడకు రక్తం సరిగా అందాలన్నా ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు కావాలి. డైక్లోఫెనాక్ నొప్పి తగ్గించేది ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపే. మోకాలి దగ్గర ఆపినట్టే కడుపులోనూ ఆపుతుంది. టీతో కాక అన్నం తిన్నాక వేసుకుంటే మంట కాస్త తక్కువ తెలుస్తుందేమో గానీ దెబ్బ తప్పదు, ఎందుకంటే అది రక్తంలోంచి కూడా వస్తుంది. ఇంజెక్షన్ చేయించుకున్నా అంతే.

మొక్కల ఎక్స్‌ట్రాక్టుల మీద వచ్చే పరిశోధనల్లో ఎక్కువ శాతం ఇలా సాగుతాయి. ఎలుకలకు ముందు ఆకు సారమో బెరడు సారమో తాగిస్తారు. గంట ఆగి కడుపులోకి గాఢమైన ఆల్కహాలో, ఆస్పిరిన్ లాంటి మందో పంపిస్తారు. తర్వాత కడుపు కోసి ఎర్రటి చారలు కొలుస్తారు. సారం తాగిన ఎలుకకు చారలు తక్కువ ఉంటే "పొరను కాపాడింది" అని రాస్తారు. ఇది నిజమైన ఫలితమే. కానీ దెబ్బ తగలకముందు ఇచ్చిన సారం అది. మీ కడుపుకు దెబ్బ ఎప్పుడో తగిలింది, ఇంకా తగులుతూనే ఉంది, బ్యాక్టీరియా అందులో కాపురం ఉంది. గొడుగు వానకు ముందు పట్టాలి, తడిసిన బట్ట ఆరబెట్టడానికి కాదు.

డోసుల సంగతి కూడా తెలుసుకోండి. ఎలుకకు కిలో బరువుకు 500 మిల్లీగ్రాముల సారం ఇచ్చారనుకోండి. మనిషికి మార్చేటప్పుడు దాన్ని సుమారు 6తో భాగిస్తారు, కిలోకు 80 మిల్లీగ్రాములు వస్తుంది. 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 5 గ్రాముల సారం. ఎండు ఆకులో పదో వంతే సారంగా దిగితే, దానికి 50 గ్రాముల ఎండు ఆకు కావాలి. చెంచా పొడి టీలో కలుపుకుంటే ఆ పరీక్షలో చూసింది మీకు అందదు. మీరు చూసిన క్యాప్సూల్ డబ్బా వెనక "10:1" అని ఉంటే, పది కిలోల మొక్క నుంచి కిలో సారం తీశారని అర్థం. 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్ అంటే 5 గ్రాముల మొక్క. ఏ మొక్క, ఏ భాగం, నీళ్లతో తీశారా ఆల్కహాలుతో తీశారా, నిష్పత్తి ఎంత, ఈ నాలుగూ లేని డబ్బా కొనకండి. అందులో అతిమధురం ఉంటే, "యష్టిమధు" అని రాసి ఉన్నా సరే, మీకు పనికిరాదు.

మీ ముందున్న దారులు మూడు.

మందులన్నీ మానేసి మొక్కలతోనే నెట్టుకురావడం ఒకటి. ఎరోషన్లు పైపై గీతల్లాంటివి, నొప్పి గోళీ పూర్తిగా మానేస్తే కొన్ని దానంతట అవే మానతాయి కూడా. కానీ బ్యాక్టీరియా పోదు. జపాన్‌లో 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో హెచ్. పైలోరీ ఉన్నవాళ్లకు రోజుకు 70 గ్రాముల బ్రొకోలీ మొలకలు 8 వారాలు పెట్టారు. బ్యాక్టీరియా తగ్గింది, తినడం మానేశాక మళ్లీ పెరిగింది. మొక్కలతో దాన్ని అణచవచ్చు, తుడిచిపెట్టడం కష్టం. అది ఉండగా నొప్పి గోళీ కూడా పడుతుంటే, ఎరోషన్ పుండుగా మారి రక్తం కారే ప్రమాదం రెండింటి వల్లా పెరుగుతుంది.

రెండోది, మందులు మాత్రమే వాడి మొక్కలను పక్కన పెట్టడం. దీంట్లో తప్పేమీ లేదు. వంటింట్లో చేసుకునే ఓపిక లేకపోతే ఇదే తేలిక.

మూడోది, మందులను మందుల్లా, మొక్కలను తిండిలా వాడుకోవడం. మీ ఉత్తరం చదివితే మీకు ఇది నప్పుతుందనిపించింది. అయితే వరుస ముఖ్యం, ముందు బీపీ, పొటాషియం, తర్వాత బ్యాక్టీరియా, ఆ తర్వాతే పొడులు.

బ్యాక్టీరియా సంగతి. ఐదు రోజులకే ఆపిన కోర్సుతో అది చావకపోగా ఆ మందులకు మొండికేసి ఉండొచ్చు. ఇప్పుడు మళ్లీ పరీక్ష చేయించాలి. మళ్లీ ఎండోస్కోపీ అక్కర్లేకుండా మల పరీక్ష లేదా ఊపిరి పరీక్షతో తెలుస్తుంది. పాంటోప్రజోల్ లాంటివి ఆపి 2 వారాలు, యాంటీబయాటిక్స్ ఆపి 4 వారాలు దాటి ఉండాలి, లేకపోతే ఉన్నది కూడా లేనట్టు చూపిస్తుంది. మీరు ప్రస్తుతం రెండూ వాడట్లేదు కాబట్టి పరీక్షకు ఇదే అనువైన సమయం. పాంటోప్రజోల్ మళ్లీ మొదలుపెట్టడానికి ముందే నమూనా ఇవ్వండి. పాజిటివ్ వస్తే పాత చీటీ తప్పకుండా తీసుకెళ్లండి. ఒకసారి సగంలో ఆపిన మందులనే మళ్లీ ఇవ్వకుండా వేరే జోడీ రాస్తారు.

నోటి చేదు క్లారిత్రోమైసిన్ వల్లనో మెట్రోనిడజోల్ వల్లనో వస్తుంది. కోర్సు అయిపోగానే పోతుంది. తిన్నాక వేసుకోవడం, తర్వాత రెండు లవంగాలు నోట్లో పెట్టుకోవడం కొంత నయం. అసలు భరించలేకపోతే ఆపకుండా డాక్టరుకు ఫోన్ చేయండి, మార్చే వీలుంది. కొత్త కోర్సులో బిస్మత్ అనే మందు ఉంటే నాలుక, మలం నల్లబడతాయి, భయపడొద్దు. కోర్సు ముగిసిన నాలుగు వారాల తర్వాత మరోసారి పరీక్ష చేయించుకుంటే గానీ పోయిందో లేదో తెలియదు. చాలామంది మంట తగ్గగానే ఈ చివరి పరీక్ష ఎగ్గొడతారు.

పాంటోప్రజోల్ మానగానే మంట రెట్టింపవడం చూసి దానికి బానిసయ్యానని భయపడినట్టున్నారు. ఆమ్లాన్ని నెలల తరబడి తొక్కిపెట్టి ఒక్కసారిగా వదిలితే అది ఎగదన్నుతుంది. ఏ కడుపు జబ్బూ లేని ఆరోగ్యవంతులకు ఇదే జాతి మందు 8 వారాలిచ్చి ఆపితే, 44 శాతం మందికి మంట, తేన్పులు వచ్చాయని 2009లో డెన్మార్క్‌లో చూశారు. మందు లేని ఉత్త మాత్ర ఇచ్చిన వాళ్లలో అది 15 శాతమే. కాబట్టి ఈసారి ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు 40 మిల్లీగ్రాముల నుంచి 20కి, తర్వాత రోజు విడిచి రోజుకు తగ్గించండి. వాడేటప్పుడు పొద్దున తిండికి అరగంట ముందు వేసుకోండి, తిన్నాక వేసుకుంటే సగం వృథా.

కిడ్నీల భయం గురించి కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కిడ్నీ ఇబ్బందులు కాస్త ఎక్కువ కనిపించాయన్న మాట నిజమే, అందుకే అవసరమైనన్ని వారాలకే పరిమితం కావాలి. కానీ మీ ఇంట్లో కిడ్నీలకు అంతకన్నా పెద్ద ముప్పు ఒకటుంది. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్, డైక్లోఫెనాక్. ఈ మూడూ ఒకేసారి ఒంట్లో ఉంటే కిడ్నీకి రక్తం అందడం మూడు వైపులా తగ్గుతుంది. వాంతులు, విరేచనాలు అయిన రోజో, ఎండలో నీళ్లు తక్కువ తాగిన రోజో కిడ్నీ ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. క్రియాటినిన్ చేయించమన్నది అందుకే. డైక్లోఫెనాక్ బీపీని, కాళ్ల వాపును పెంచుతుంది కూడా. అంటే మీ పాదాల వాపులో అతిమధురం వాటా ఎంతో, గోళీ వాటా ఎంతో విడదీసి చెప్పలేం. వీడియో చేసినాయన పాంటోప్రజోల్‌ను పట్టుకుని గోళీని వదిలేశాడు.

మరి నడుము నొప్పికి ఏం చేయాలి? ఒట్టి పారాసిటమాల్ అడగండి. అట్ట మీద ఆ ఒక్క పేరే ఉండాలి, పక్కన ఇంకో పేరు ఉంటే తిరిగిచ్చేయండి. 650 మిల్లీగ్రాములది రోజుకు మూడు సార్లకు మించకుండా, మధ్య ఆరు గంటలు ఆగి. మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ రాసుకోవచ్చేమో డాక్టరును అడగండి. చర్మం గుండా రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే చాలా తక్కువ. తొక్కుడు మిషనైతే మోటారు పెట్టించుకోవడం ఏ జెల్ కన్నా మేలు. ఎప్పుడైనా నొప్పి గోళీ తప్పనిసరైతే, డాక్టరు ఒప్పుకున్న రకం, ఆ రోజుల్లో పాంటోప్రజోల్ తోడుతోనే. కుట్టు సీజనంతా రోజూ కావాలనిపిస్తే ఎముకల డాక్టరును కలవాల్సిందే.

ఇక మీరు ఎదురుచూస్తున్న పొడుల సంగతి. వాటిలో అరటికాయకు మొదటి పీట వేస్తాను. పచ్చి అరటికాయ పొడి ఆస్పిరిన్ పుండ్ల నుంచి ఎలుకల కడుపును కాపాడిందని 1984లో తేలింది, పండిన కాయలో ఆ గుణం లేదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనూ దీని మీద పని జరిగింది. జిగురు పొర మందమవడం, కొత్త కణాలు పెరగడం అక్కడ గమనించారు. అందులో పనిచేసేది ల్యూకోసయనిడిన్ అనే పదార్థమని తర్వాత గుర్తించారు. మనుషుల మీద రుజువు తక్కువే, కానీ తిండి కాబట్టి నష్టమూ తక్కువే.

చేసే విధానం: కూర అరటికాయలు, ఒక్క పసుపు చార కూడా లేనివి, కిలో తీసుకోండి. చేతులకు, కత్తికి నూనె రాసుకోండి, లేకపోతే జిగురు వదలదు. చెక్కు తీసి, రూపాయి బిళ్లంత మందాన చక్రాలు కోసి, నల్లబడకుండా పల్చటి మజ్జిగలో వేస్తూ పోండి. పది నిమిషాలకు తీసి, తడి అద్ది, పల్చటి బట్ట మీద ఒకదానికొకటి తగలకుండా పరచండి. మండుటెండలో కాదు, నీడలో, ఫ్యాను గాలికి. రెండు మూడు రోజులు పడుతుంది. విరిస్తే టప్పున విరగాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టే. ఆ తడితో మిక్సీ పడితే పది రోజుల్లో బూజు వాసన వస్తుంది. కిలో కాయలకు 200 గ్రాముల దాకా పొడి దిగుతుంది. ముసురు రోజుల్లో చేయకండి. వేయించొద్దు, జావ కాయొద్దు, పరీక్షలు జరిగింది ఎండబెట్టిన పచ్చి పొడితోనే. రెండు చెంచాలు పల్చటి మజ్జిగలో కలిపి పొద్దున తిండికి ముందు. మొదటి వారం ఒక చెంచాయే, ఉడకని పిండి పేగుల్లో పులిసి గ్యాస్ చేస్తుంది. క్రియాటినిన్ ఎక్కువ వస్తే మాత్రం ఇదీ డాక్టరును అడిగాకే, అరటిలో పొటాషియం ఉంటుంది, టెల్మిసార్టాన్ దాన్ని ఒంట్లో నిలుపుతుంది.

మెంతులు ఇంకా సులువు. రాత్రి ఒక చెంచా అరగ్లాసు నీళ్లలో నానేసి, పొద్దున ఆ జిగురు నీళ్లతో సహా మింగేయండి. ఆ జిగురే కాసేపు పొర మీద పరుచుకుంటుంది. కానీ మాత్రలకూ అదే జిగురు అడ్డుపడుతుంది. మెంతులకు, మాత్రలకు మధ్య రెండు గంటలు ఉంచండి. పొద్దున అరటి, మెంతి, పాంటోప్రజోల్ మూడూ కుదరవు. పాంటోప్రజోల్ వాడే వారాల్లో మెంతులు సాయంత్రం నాలుగింటికి మార్చుకోండి.

అతిమధురం మీద మోజు తీరకపోతే, గ్లిసరైజిన్ తీసేసిన రకం డీజీఎల్ పేరుతో చప్పరించే బిళ్లలుగా దొరుకుతుంది. భోజనానికి ఇరవై నిమిషాల ముందు చప్పరిస్తారు. బీపీ, పొటాషియం మామూలయ్యాక, డాక్టరుకు చెప్పి వాడుకోవచ్చు. ఇంట్లో దంచిన పొడిలోంచి గ్లిసరైజిన్ తీయడం మన వల్ల కాదు.

క్యాబేజీ రసం మానేయండి. ఆ కథ 1949లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చీనీ అనే డాక్టరు దగ్గర మొదలైంది. 13 మంది రోగులకు రోజుకు లీటరు దాకా పచ్చి రసం తాగిస్తే పుండ్లు పది రోజుల్లో మానాయని రాశాడు. పోల్చి చూడటానికి రసం తాగని వాళ్లను పక్కన పెట్టలేదు, పాత లెక్కలతో పోల్చాడు. మీకు ఉబ్బరం వస్తోంది, అంతటితో దాని ముచ్చట అయిపోయింది. కూరగా వండుకోండి.

కలబంద గుజ్జు తినేవాళ్లు మట్ట కోసి పావుగంట నిలువుగా పెట్టి పసుపు పాలు కారిపోనివ్వాలి. ఆ పాలు విరేచనాలు చేస్తాయి, విరేచనాలతో పొటాషియం పోతుంది. మీకిప్పుడు అది వద్దు. పసుపు క్యాప్సూళ్లు కూడా వద్దు. థాయ్‌లాండ్‌లో 2023లో వచ్చిన ఫలితం, పసుపులోని కర్క్యుమిన్ పాంటోప్రజోల్ జాతి మందైన ఒమెప్రజోల్‌తో సమానంగా పనిచేసిందన్నది, పుండు గానీ ఎరోషన్ గానీ లేని అజీర్తి వాళ్ల గురించి. మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూళ్లతో కొందరికి కాలేయం దెబ్బతిన్నది కూడా. కూరలో వేసే పసుపుకు ఏ భయమూ లేదు.

అత్తగారి మాట. కారం పుండు చేయదు. 1995లో సింగపూర్‌లో 18 మంది ఆరోగ్యవంతులకు 20 గ్రాముల కారం ముందుగా తాగించి ఆస్పిరిన్ ఇస్తే, కారం తాగినప్పుడే కడుపు తక్కువ దెబ్బతింది. అలాగని మీరు ప్రయత్నించకండి. ఒరుసుకుపోయిన పొర మీద కారం పడితే మంట తెలుస్తుంది, అంతే. మంట ఉన్నన్నాళ్లు తగ్గించుకుని, మానాక మీ పచ్చడి మీరు తినండి. మంట పుట్టగానే పాలు తాగే అలవాటుంటే మానండి, మొదట చల్లగా ఉన్నా కాసేపటికి ఆమ్లం మరింత ఊరుతుంది.

మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వచ్చినా, వాంతిలో రక్తమో కాఫీ పొడి లాంటి నలకలో కనిపించినా, కళ్లు తిరిగి చెమటలు పట్టినా వెంటనే ఆసుపత్రికి. ఐరన్ మాత్రలు, బిస్మత్ వాడే రోజుల్లో నలుపు మామూలే, కానీ జిగట, దుర్వాసన, కళ్లు తిరగడం మామూలు కాదు. కారణం లేకుండా బరువు తగ్గినా, మింగేటప్పుడు ముద్ద అడ్డం పడినా ఆలస్యం చేయొద్దు.

తోటికోడలికి దాచకుండా చెప్పండి. ఆవిడ ఇచ్చిన పొడి కల్తీ కాదు, మీ బీపీ మాత్రతో పొసగలేదు, అంతే. పాదాల వాపు చూపించండి, బీపీ కాగితం చూపించండి. ఆవిడకు గానీ ఇంట్లో ఇంకెవరికైనా గానీ బీపీ ఉండి అదే డబ్బాలోంచి తీసుకుంటుంటే వాళ్లూ ఈ రోజే ఆపాలి. ఈ మాట మీరు చెబితేనే వాళ్లకు తెలుస్తుంది. దంచి జల్లించే ఓపిక ఉన్న మనిషి కాబట్టి, ముసురు తగ్గాక కిలో అరటికాయలు ఆవిడ చేతికే ఇవ్వండి.